ఏడు రోజుల్లో ఊరిని మార్చేయడం ఎలా: కొత్త ఎల్డర్‌కు చిట్కాలు

మత ప్రచారానికి తైవాన్‌లోని తైచుంగ్‌లో దిగావు కదా నాయనా, ఇక జాగు చెయ్యకు. పద్దెనిమిదేళ్ళు నిండాయి, చొక్కాకు నల్లబిళ్ళ తగిలించారు. దాని మీద చైనా లిపిలో నీకో కొత్త ఇంటిపేరు, పక్కనే పెద్దాయన అని అర్థమొచ్చే బిరుదు. నిన్నమొన్నటిదాకా అమ్మ చేత బట్టలు ఉతికించుకున్నవాడివని అక్కడెవరికీ తెలియదు, నువ్వూ చెప్పకు. యూటాలోని ప్రోవో శిక్షణ కేంద్రంలో కొద్ది వారాలు నేర్పిన చైనీసు ధారాళంగా సరిపోతుంది. మనం చెప్పడానికి వెళ్ళాం. వినడానికైతే అంత భాష ఎందుకు?

(తెలుగులో ఈ సలహాలెందుకంటారేమో. యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘానికి భారతదేశంలో మొదటి స్టేక్, అంటే స్థానిక సంఘాల కూటమి, 2012లో ఏర్పడింది మన హైదరాబాదులోనే. మన పిల్లలూ ఈ బిళ్ళ పెట్టుకుని తిరుగుతున్నారు. ఎవరికో ఒకరికి పనికొస్తాయి.)

తైవాన్‌కు మీవాళ్ళు మొదటిసారి వచ్చింది 1956లో, నలుగురు కుర్రాళ్ళు. అప్పటినుంచీ ఒకరి తర్వాత ఒకరు సైకిళ్ళు తొక్కుతూనే ఉన్నారు. టై కట్టుకుని, హెల్మెట్ పెట్టుకుని, చెమటలు కక్కుతూ వెళ్ళే అమెరికా కుర్రాణ్ణి అక్కడి అవ్వలు కొన్ని డజన్లమందినైనా చూసి ఉంటారు. అయినా సరే, ఆ వీధికి శుభవార్త మోసుకొచ్చిన మొట్టమొదటి మనిషివి నువ్వే అన్నట్టు తలుపు తట్టు.

పని మొదలుపెట్టడానికి ఎర్రలైటును మించిన చోటు లేదు. స్కూటర్లన్నీ ముందువరసలో ఆగి ఉంటాయి, పైన సెకన్లు ఒక్కొక్కటే తగ్గుతుంటాయి, ఎవరూ ఎటూ పోలేరు. మీ ముందు బ్యాచీలవాళ్ళు ఇక్కడ చిరునవ్వు నవ్వి, ఓ కార్డు ఇచ్చి ఊరుకున్నారు. నువ్వు అలా చెయ్యకు. 1820లో న్యూయార్క్ పల్లెలో జోసెఫ్ స్మిత్ అడవిలో ప్రార్థన చేసిన దగ్గర మొదలుపెట్టి, బంగారు రేకులు, 1830లో అచ్చయిన గ్రంథం, అన్నీ వరసగా చెప్పు. ముందు సంఘం పేరు చెప్పాలి సుమా. పొట్టిపేరు వాడొద్దని, యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం అని పూర్తిగా పలకాలని 2018లో అప్పటి మీ ప్రవక్త నెల్సన్ గారు చెప్పారు. నీ చైనీసులో అది పూర్తయ్యేసరికి పచ్చలైటు పడుతుంది. స్కూటర్ హ్యాండిల్ పట్టుకో. వెనక హారన్లు మోగితే ఆసక్తి పెరుగుతోందన్నమాట.

ఇక టీ సంగతి. బబుల్ టీ పుట్టిన దేశానికి నిన్ను పంపినవాళ్ళకు హాస్యప్రియత్వం ఉందనే అనుకోవాలి. 1833 నాటి ఆజ్ఞ ప్రకారం నీకు సారా, పొగాకు, కాఫీ, టీ నాలుగూ నిషిద్ధం. పచ్చ టీ, ఐస్ టీ కూడా టీలేనని 2019లో మళ్ళీ విప్పి చెప్పారు. ఒక తాతగారు లోపలికి రమ్మంటాడు. గుమ్మం దగ్గర చెప్పులు చూపిస్తాడు; నువ్వు బూట్లతోనే వెళ్ళు, లేసులు విప్పడానికి పట్టే టైములో ఒక వచనం చెప్పొచ్చు. ఆయన చిల్లుల చెక్కపళ్ళెం ముందుకు లాగుతాడు. బొటనవేలంత కప్పులను మరిగే నీళ్ళతో కడుగుతాడు. కొండల్లో పండిన ఊలాంగ్ ఆకు వేసి, మొదటిసారి పోసిన నీళ్ళు పారబోస్తాడు. రెండోసారి నీళ్ళు పోసి, గది నిండా వాసన వచ్చాక, రెండు చేతులతో కప్పు నీ ముందు పెడతాడు. ఇదంతా జరుగుతున్నంతసేపూ నోరు మెదపకు. మొదట్లోనే చెప్పేస్తే ఆయనకు శ్రమ తప్పుతుంది, నీకు ప్రసంగం తప్పుతుంది. కప్పు ఆయన చేతుల్లో ఉన్నప్పుడు అందుకో: టీ ఎందుకు పాపమో, శరీరం ఎందుకు దేవాలయమో. ఆయన అంతా విని, ఏమీ అనకుండా, ఇంకో కప్పు కడిగి వేడినీళ్ళు పోసి ఇస్తాడు. దాన్ని ఆ వారం తొలి విజయంగా రాసుకో.

అదే గదిలో గోడ దగ్గర పూర్వీకుల పేర్లు చెక్కిన పలక, ముందు అగరువత్తులు, పళ్ళు ఉంటాయి. అటు చూడకు. మీ యూటావాళ్ళు 1894లోనే వంశవృక్షాల కోసం ఒక సంస్థ పెట్టారు, చైనీయుల వంశచరిత్రలు కూడా ఫిల్ముల మీద ఎక్కించారు. నువ్వు ఆ పలక మీద పేర్లెవరివని ఒక్క మాట అడిగావంటే తాతగారు తన తాతల దగ్గర మొదలుపెడతాడు, సాయంత్రం గడిచిపోతుంది, నీ పాఠం మూలపడుతుంది. కుటుంబాలు శాశ్వతం అనే పాఠం కదా అది, దానికి కుటుంబం అడ్డు రాకూడదు.

సేవ కూడా లెక్కలోకి వస్తుంది, గంటల్లో. సాయంత్రం చెత్తబండి బీతోవెన్ పాట వాయించుకుంటూ సందులోకి వస్తుంది. అక్కడ చెత్త రోడ్డు మీద పెట్టరు. ఎవరి సంచులు వాళ్ళే పట్టుకొచ్చి బండిలో వెయ్యాలి. వీధి వీధంతా బయటే ఉంటుంది, చూశావా? ఒక అవ్వ మూడు సంచులతో నిలబడి ఉంటుంది. అడగకుండా మూడూ లాక్కుని మొదటి బండిలోకి విసిరెయ్. ఒకదాంట్లో సీసాలు, వెనకవచ్చే బండికి. ఇంకోదాంట్లో వంటింటి మిగుళ్ళు, వేరే డబ్బాలోకి. ఆమె కేకలు పెడుతూ బండి వెంట పరుగెత్తుతుంది. వయసు మీద పడినా ఎంత హుషారు! ఒక గంట సేవ వేసుకో.

బుధవారం రాత్రి ఉచిత ఇంగ్లీషు తరగతి గురించి పెద్దగా చెప్పేది లేదు. వ్యాకరణం కోసం వచ్చినవాళ్ళకు వ్యాకరణం చెప్పకుండా ఉంటే చాలు.

సోమవారం సెలవు. బట్టలు, కూరగాయలు, ఇంటికి కబురు. పూర్వం ఫోనంటే క్రిస్మస్‌కూ మదర్స్ డేకూ మాత్రమే. 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి ఇంటికి వీడియో కాల్ చేసుకోనిస్తున్నారు. దీంతో ఒక ఇబ్బంది: ముఖం కనిపిస్తుంది. అందుకని కెమెరా కాస్త పైకి పెట్టి, అద్భుతం అనే మాట నిమిషానికోసారి వాడు. అమెరికా ఇళ్ళకైతే ఈ ప్రచారానికి నెలకు 500 డాలర్లు పడుతోంది, కట్టేవాళ్ళకు అద్భుతాలు కనబడాలి కదా. అన్నం సయించడం లేదని, రాత్రిళ్ళు ఇల్లు గుర్తొస్తోందని పొరపాటున కూడా అనకు. అమ్మ నిజంగా అడిగేది అదొక్కటే అయినా సరే.

చివరగా నీ జంట, అంటే ఎప్పుడూ నీ వెంటే ఉండే తోటి ప్రచారకుడు. ఈ రెండేళ్ళ ప్రచారంలో ఒక్కడివే ఉండే అవకాశం స్నానాల గదిలో తప్ప రాదు. ఈసారి నీకు తైవాన్ కుర్రాడే జంటగా పడ్డాడనుకో, అతనికి భాష నేర్పు. జనంతో అతను మాట్లాడుతుంటే మధ్యలో అందుకో. ఆ తాతగారి ఇంట్లో క్షమాపణ చెప్పింది అతనే, చెత్తబండి వెనక పరుగెత్తి సీసాల సంచి తెచ్చి అవ్వకు ఇచ్చిందీ అతనే. ఇలాంటివి లెక్కల్లో వెయ్యడానికి గడి లేదు కాబట్టి వదిలెయ్. సాయంత్రం అతను మెట్ల కింద కూర్చుని నీ సైకిల్‌కు పంక్చర్ వేస్తూ ఏమీ మాట్లాడకపోతే, పక్కనే నిలబడి వినయం గురించి నాలుగు ముక్కలు చెప్పు. పంపు మాత్రం అతన్నే కొట్టనివ్వు.