విలన్‌గారి బాల్యం

కార్టూన్ విలన్ కొలువుకు దుర్మార్గం ఒక్కటే చాలదిప్పుడు, కన్నీటి ఫ్లాష్‌బ్యాక్ కూడా జతచేయాలి. ‘ఫినియస్ అండ్ ఫెర్బ్’లో డాక్టర్ డూఫెన్‌ష్మర్ట్జ్‌నే చూడండి. ఆయన పుట్టినప్పుడు కన్నవాళ్లే రాలేదట. అవును, తల్లి కూడా! ఇంటి ముందరి తోటబొమ్మ పోతే, దాని స్థానంలో ఈ పిల్లాణ్ణి రాత్రంతా నిలబెట్టారట. ఆనక అడవిపిల్లులు పెంచాయట. పాపం, ఊరి మీదికి రోజుకో యంత్రం వదలక ఏం చేస్తాడు?

అభిమానులకు ఇదీ ఆనలేదు. ఆ కార్టూన్ హీరో ఫినియస్ కన్నతండ్రి ఈయనేనని తేల్చేశారు. సాక్ష్యం? ఇద్దరికీ యంత్రాల పిచ్చి! ఈ లెక్కన ప్రతి మెకానిక్కూ ఓ కొడుకు బాకీ.

లోకంలోని పరమ దుష్టుణ్ణి వెతికి మరీ ఊడిగం చేసే కార్టూన్ బుల్లిజీవులు మినియన్లు హిట్లర్ కొలువులో ఎందుకు లేరని మరికొందరు అభిమానులు నిలదీశారు. 2015 నాటి ‘మినియన్స్’ చూస్తే జవాబు సిద్ధం: పొరపాటున నెపోలియన్‌పైనే ఫిరంగి పేల్చి పారిపోయినవాళ్లు, 1968 దాకా మంచుగుహలోనే ఉన్నారు. రెండు ప్రపంచ యుద్ధాలూ హాయిగా దాటిపోయాయి. ఇంత పకడ్బందీ ఎలిబీ ఏ ప్లీడరూ రాయలేడు.

అదే సినిమాలో వాళ్లు కొలిచిన టి-రెక్స్ మాత్రం ఏ ఫ్లాష్‌బ్యాకూ లేకుండానే అగ్నిపర్వతంలో పడిపోయింది. అభిమానులారా, దానికీ ఓ చేదు బాల్యం చూసిపెట్టండి!