నూరు మైళ్ల వెడల్పున్న గీత

గీతకు పొడవే గాని వెడల్పు ఉండదని లెక్కల పంతులుగారు చెప్పేవారు. ఆయన అమెరికా సరిహద్దు కాపలా దళం బోర్డర్ పెట్రోల్ వాళ్ల గీతను చూసి ఉండరు. దాని వెడల్పు నూరు మైళ్లు, మన కొలతలో 160 కిలోమీటర్లు. సరిహద్దు నుంచి సముచితమైన దూరంలో వారెంటు లేకుండా బండ్లెక్కి పరాయి దేశస్థుల కోసం వెతకవచ్చని చట్టం చెప్పింది. సముచితమంటే ఎంతో చెప్పకుండా ఊరుకుంది. 1953లో అధికారులే కూర్చుని నూరు మైళ్లని రాసుకున్నారు. నూరే ఎందుకంటే, బహుశా గుండ్రంగా ఉంటుందని.

సముద్రపొడ్డు కూడా సరిహద్దే కాబట్టి న్యూజెర్సీ రాష్ట్రం మొత్తం ఈ గీతలో మునిగిపోయింది. ఎడిసన్‌లో శనివారం బిర్యానీ తిని, గోంగూర కట్టలు కొనుక్కుని ఇంటికెళ్లే మన తెలుగువాడు తాను సరిహద్దు మీద కాపురం పెట్టానని ఎరగడు. ఆ దేశ జనాభాలో మూడింట రెండొంతుల మందిదీ అదే కాపురం. సుప్రీంకోర్టు కాస్త కళ్లెం వేసిన మాట నిజమే. పోతున్న బండిని ఆపాలంటే ఏదో ఒక అనుమానం ఉండాలంది. 1976కి వచ్చేసరికి, రోడ్డు మీద శాశ్వతంగా చెక్‌పోస్టు పెట్టి ఆపితే ఆ అనుమానం కూడా అక్కర్లేదంది. అనుమానం లేకుండా అందర్నీ ఆపడం సమానత్వమే కదా!

ఇంత గీతకు కాపలా కాయాలంటే జనం కావాలి. 2006లో అధ్యక్షుడు బుష్ తలచుకున్నాడు, 12,000 మంది ఉన్న దళం మూడేళ్లలో 20,000 దాటింది. హడావుడిగా చేర్చుకున్నవాళ్లలో కొందరు స్మగ్లర్ల జీతం కూడా తీసుకుంటున్నారని తేలాక, 2010లో కొత్తగా చేరేవాళ్లకు అబద్ధాలు పట్టే యంత్రం పరీక్ష తప్పనిసరి చేస్తూ చట్టం చేశారు. ముగ్గురిలో ఇద్దరు తప్పారు. యంత్రం ఎంత నమ్మదగిందన్నది వేరే తగాదా. కానీ మందు ఏం కనిపెట్టారో చూడండి. అభ్యర్థులు పరీక్ష తప్పుతున్నారు గనక కొందరికి పరీక్షనే తప్పిద్దామని 2017లో ప్రతినిధుల సభ ఓటేసింది.

ఇక శిక్షణ సంగతి. తుపాకీ ఎప్పుడు పేల్చాలో వీళ్లకు ఎంతవరకు వంటబట్టిందో చూసి చెప్పమని దళాన్ని నడిపే శాఖే పోలీసు అధికారుల పరిశోధన సంస్థ ఒకదానికి పని అప్పజెప్పింది. గమనించండి, హక్కుల సంఘాలు కాదు, పోలీసులే. వాళ్లు 2010 జనవరి నుంచి 2012 అక్టోబరు దాకా ప్రాణం తీయగల బలం ప్రయోగించిన 67 ఘటనల కాగితాలు తిరగేసి, 2013లో నివేదిక ఇచ్చారు. కొందరు ఏజెంట్లు కదులుతున్న కారుకు కావాలనే ఎదురెళ్లి నిలబడి, ప్రాణభయం సంపాదించుకుని, ఆపైన డ్రైవరును కాలుస్తున్నట్టుంది అన్నారు. కంచె అవతలి నుంచి రాళ్లు పడితే వెనక్కి జరిగే వీలున్నా జరక్కుండా పేలుస్తున్నారన్నారు. బండొస్తే పక్కకు తప్పుకోవాలని రోడ్డు మీద తిరిగే కోడిపెట్టకు ఎవరూ నేర్పలేదు. న్యూమెక్సికోలో ఆర్టీసియా అనే ఊళ్లో, ప్రజల డబ్బుతో నడిచే అకాడమీలో, అది పాఠంగా చెప్పమని వాళ్లు రాయాల్సి వచ్చింది.

శాఖ ఆ పాఠం కూడా వద్దంది. ప్రాణాల మీదికి వస్తే తప్ప బండ్ల మీద కాల్చకండి, రాళ్లు విసిరేవాళ్ల మీద కాల్చకండి అన్న రెండు ముఖ్యమైన సిఫార్సులనూ తోసిపుచ్చి, నివేదికను బీరువాలో పెట్టి తాళం వేసింది. 2014 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ టైమ్స్ దాన్ని బయటికి లాగాక, మే నెలకల్లా శాఖకు జ్ఞానోదయమైంది. అదే నివేదికను తానే విడుదల చేసి, కొత్త నియమావళి కూడా ప్రకటించింది. పారదర్శకత అంటే అది!

మరి కాల్పుల్లో చచ్చినవాళ్ల మాటో? ఇక్కడ గీతకు ఉన్నట్టుండి పంతులుగారి నిర్వచనం గుర్తొస్తుంది. 2010లో ఎల్ పాసో దగ్గర ఎండిన కాలువ ఇవతలి నుంచి ఏజెంటు కాల్చాడు, అవతల మెక్సికో నేల మీద పదిహేనేళ్ల కుర్రాడు పడిపోయాడు. అమెరికా కేసు పెట్టలేదు. మెక్సికో తమకు అప్పగించమంటే అప్పగించలేదు. తల్లిదండ్రులు నష్టపరిహారం అడిగితే, 2020లో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో కుదరదంది. ఇది విదేశీ సంబంధాలకూ దేశ భద్రతకూ ముడిపడిన వ్యవహారమట, కోర్టులు వేలు పెట్టకూడదట. బస్సులో కూర్చున్నవాడి కాగితాలు అడగడానికి 160 కిలోమీటర్లు లోపలికి నడిచొచ్చిన అధికారం, గుండుకు జవాబు చెప్పాల్సి వచ్చేసరికి ఒక కాలువ దాటలేకపోయింది.

అవతలివాళ్లకంటే విదేశీ సంబంధాలు అడ్డొచ్చాయి, ఇవతలివాళ్లకు? వాషింగ్టన్ రాష్ట్రంలో, కెనడా గీతకు ఆనుకుని, ఒక లాడ్జి ఉంది. పేరు స్మగ్లర్స్ ఇన్. యజమాని కారు నంబరు ప్లేటు మీద కూడా స్మగ్లర్ అనే ఉండేది. మీదుమిక్కిలి ఆయన ప్రభుత్వానికి డబ్బు పుచ్చుకుని సమాచారం అందించే మనిషి కూడా. ఇంతటి పాత్రను ఏ సినిమా రచయిత రాసినా నమ్మరు. టర్కీ నుంచి వచ్చిన అతిథి కోసం ఒక ఏజెంటు లాడ్జి ఆవరణలోకి వచ్చాడు. వెళ్లిపొమ్మన్నందుకు తనను కారుకేసి నెట్టి నేలమీద పడేశాడని యజమాని ఫిర్యాదు చేశాడు. జవాబుగా ఆ ఏజెంటు నంబరు ప్లేటు సంగతి వాహనాల లైసెన్సు శాఖకు చేరవేసి, ఆయన లెక్కలు చూడమని పన్ను శాఖవారి చెవిన కూడా వేశాడని ఆరోపణ. దావా సుప్రీంకోర్టు దాకా పోయింది. 2022లో కోర్టు ఏమందంటే, దావా ఎందుకు, బోర్డర్ పెట్రోల్‌లోనే ఫిర్యాదుల విభాగం ఉంది కదా అంది. ఉంది, ఆయన అక్కడా ఫిర్యాదు చేశాడు. వాళ్లు ఏడాదిపాటు విచారించి ఏ చర్యా తీసుకోలేదు. ఆ విచారణలో ఫిర్యాదుదారుకు చోటు లేకపోయినా, అప్పీలు లేకపోయినా, అదీ పరిష్కారమేనని కోర్టు తేల్చింది.

ఆ విభాగం పనితనం తెలుసుకోవాలంటే ఒక లెక్క చాలు. 2009 నుంచి 2012 మొదటి దాకా వచ్చిన 809 ఫిర్యాదులను ఒక సంస్థ సమాచార హక్కు కింద తెప్పించుకుని చూసింది. తేల్చినవాటిలో 97 శాతానికి ఎదురుగా ఒకే మాట రాసుంది: చర్య లేదు. కాల్పులు జరిగితే దళంవాళ్లే బృందంగా ముందు అక్కడికి చేరి సాక్ష్యాలు ఏరే సంప్రదాయం 1987 నుంచి ఉండేది. దాన్ని 2022లో గాని ఎత్తేయలేదు.

ఇన్ని కళ్లు మూసుకుపోయినా మిగిలిన ఒకటి రెండు కళ్లు కూడా ఎందుకనుకున్నారేమో, 2025 మార్చిలో అంతర్గత భద్రతా శాఖ తన పౌరహక్కుల కార్యాలయానికీ, నిర్బంధ కేంద్రాల మీద ఫిర్యాదులు వినే కార్యాలయానికీ సిబ్బందిని తీసేసే ఉత్తర్వులిచ్చింది. అవి పనికి అడ్డొస్తున్నాయట. జూలైలో కొత్త చట్టం మరో 3,000 మంది బోర్డర్ పెట్రోల్ ఏజెంట్లకు డబ్బు కేటాయించింది.

శరదృతువు వచ్చేసరికి ఆ దళం మెక్సికో సరిహద్దుకు 1,500 కిలోమీటర్ల పైన ఉన్న షికాగోలో తేలింది. వీధిలో జనం మీదికి కమాండర్ గ్రెగరీ బొవినో బాష్పవాయువు విసిరాడు. తన మీద ముందు రాయి పడిందన్నాడు. ఫెడరల్ జడ్జి సారా ఎల్లిస్ వీడియో తెప్పించి చూశారు. చివరికి ఆయనే ఒప్పుకున్నాడు, రాయి తగిలింది గ్యాసు డబ్బా విసిరిన తర్వాతేనని.