బూడిదలో పోసిన కాస్టిక్ సోడా

థర్మల్ కేంద్రాల బూడిద కథ ఇక సుఖాంతమేనట. దేశంలో ఏటా పాతిక కోట్ల టన్నులకు పైగా పోగుపడే ఆ పీడను జియోలైట్ అనే సూక్ష్మరంధ్రాల పొడిగా మార్చేస్తారు. ఆ పొడి నీళ్లలోని సీసాన్నీ, అమోనియానీ, అద్దకం రంగుల్నీ పీల్చేస్తుంది. ఈ శుభవార్త 1985 నుంచీ వస్తూనే ఉంది. హోలర్, విర్షింగ్ అనే ఇద్దరు బూడిదను క్షారంలో ఉడికించి జియోలైట్ తీసిన ఏడాది అది. అప్పుడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు జుట్టు నెరుస్తోంది. విజయవాడ థర్మల్ కేంద్రం పక్కనున్న ఇబ్రహీంపట్నంలో మేడ మీద ఆరేసిన బట్టల మీద బూడిద మాత్రం ఇంకా వాలుతూనే ఉంది.

రసాయనం అబద్ధం కాదు. బూడిదలో సిలికా, అల్యూమినా ఉన్నాయి; జియోలైట్‌కు కావలసినవీ అవే. నా పేచీ ఖర్చుతో. పరిశోధన పత్రాల్లో తరచూ కనిపించే పద్ధతి ఇది: కిలో బూడిదకు 1.2 కిలోల కాస్టిక్ సోడా కలిపి, 550 డిగ్రీల కొలిమిలో కాల్చి, నీళ్లలో కలియబెట్టి, మళ్లీ గంటల తరబడి ఉడికించాలి. కాస్టిక్ సోడా చెట్టుకు కాయదు కదా! ఉప్పునీటిలోకి కరెంటు పంపి తీస్తారు. కిలోకు రెండు యూనిట్ల పైమాటే. మన 1.2 కిలోలకు రెండున్నర వేసుకోండి. అది బొగ్గు కరెంటే అయితే, యూనిట్‌కు సుమారు 0.7 కిలోల చొప్పున ఒకటిముప్పావు కిలోల బొగ్గు మండాలి. మన బొగ్గులో మూడోవంతు బూడిదే. అంటే కిలో బూడిదను ఉద్ధరించబోతే అర కిలోకు పైగా కొత్త బూడిద పుట్టింది. కొలిమి కరెంటు ఇందులో కలపలేదు. కలిపితే పీహెచ్‌డీ గైడుగారు నొచ్చుకుంటారు.

ఇక పరీక్ష. పటాన్‌చెరు వాగు నీళ్లు తెచ్చి అందులో వేస్తారనుకుంటున్నారా? అబ్బే, అవి మురికి! డిస్టిల్డ్ వాటర్‌లో చిటికెడు మిథిలీన్ బ్లూ రంగు కలుపుతారు. అంతటి శుభ్రమైన కాలుష్యం భూమ్మీద మరెక్కడా దొరకదు. పొడి వేయగానే నీలం మాయం. ముందు సీసా, తర్వాత సీసా, పక్కపక్కన ఫొటో. గ్రాఫులో చుక్కలన్నీ బుద్ధిగా గీత మీద కూర్చుంటాయి. అసలు మురుగులో కాల్షియం, మెగ్నీషియం, సోడియం గుంపులుగా వచ్చి ఆ రంధ్రాల్లో చోటు ఆక్రమించుకుంటాయి. సీసం బయటే నిలబడుతుంది. పైగా జియోలైట్ చట్రానిది రుణావేశం, కాబట్టి ధనావేశం ఉన్నవాటినే రమ్మంటుంది. ఫ్లోరైడ్‌దీ రుణావేశమే. ఫ్లోరైడ్ నీళ్లతో వేగే నల్లగొండ వాళ్లు ఈ ఉత్తి పొడి మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు.

బూడిదకు నిజంగా విలువ కట్టేవాళ్లు వేరే ఉన్నారు. 2024 నవంబరులో రాయలసీమ థర్మల్ కేంద్రం బూడిద తోలకం కోసం జమ్మలమడుగు, తాడిపత్రి నాయకులు లారీల దగ్గర పట్టుదలకు పోతే పంచాయితీ ముఖ్యమంత్రి దాకా వెళ్లింది. ఆ లారీలు వెళ్లేది సిమెంటు ఫ్యాక్టరీకి. జియోలైట్ కోసం లారీ ఆపిన నాయకుడు ఇంకా పుట్టలేదు.

అమ్ముడుపోయే పొడి బూడిద అలా పోతుంది. మిగతాది నీళ్లతో కలిసి బూడిద చెరువుల్లో చేరుతుంది. బూడిదను నూటికి నూరు పాళ్లూ వాడాలని కేంద్రం 1999లో చెప్పింది, 2021 డిసెంబరు 31న మళ్లీ చెప్పింది. ఈ రెండు మాటల మధ్యలోనే, 2020 ఏప్రిల్‌లో, మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలి దగ్గర సాసన్ థర్మల్ కేంద్రం బూడిద చెరువు కట్ట తెగి పిల్లలతో సహా మనుషులు కొట్టుకుపోయారు. ఆ కట్టను ఎవరు చూడాలి, అడుగున పొర వేశారా, ఆర్సెనిక్ బావుల్లోకి దిగుతోందా అన్న ప్రశ్నలకు కొలిమి అక్కర్లేదు, జర్నల్ అక్కర్లేదు. అందుకే కాబోలు వాటికి పీహెచ్‌డీలు రావు. చెరువు యజమానికి మాత్రం జియోలైట్ ఎంత చల్లని కబురో! అది చెరువు కాదు, ముడిసరుకు గిడ్డంగి అనేయవచ్చు.

ఇంతకీ సీసం పీల్చిన పొడిని ఎక్కడ పారేస్తారు? సీసం ఎటూ పోలేదు, ఇల్లు మారిందంతే. ఇక పొడిని కడిగిన క్షారజలం సంగతి. పత్రంలో అది ఒక్క వాక్యం: "తటస్థమయ్యేదాకా పలుమార్లు కడిగాం." ఆ నీళ్లు ఏ కాలువలో కలిశాయో రాయరు. రాబోయే పత్రానికి శీర్షిక నేనే ఇస్తాను, ఉచితంగా: "బూడిద జియోలైట్ తయారీలో వెలువడే మురుగునీటిని శుద్ధి చేయడంలో బూడిద జియోలైట్ పాత్ర." మొదటి ప్రయోగం డిస్టిల్డ్ వాటర్‌లో చేసుకోవచ్చు.