నిజాం ఓడ

తొమ్మిది రోజుల నుంచి ఇదే వరస. పొద్దున్నే ఫోన్ తీసి "యుద్ధనౌక" అని కొడతాను. గద్దర్ వస్తాడు. భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. ఆయన మీద నాకేం కోపం లేదు. ఆయన పాటకు గంతులేసిన కాళ్లే ఇవి. కానీ ఇప్పుడు నాకు కావలసింది ఇనుముతో చేసింది, ఫిరంగులున్నది, నీళ్లలో తేలేది. ముందు "రెండో ప్రపంచ యుద్ధం" అని తగిలించి కొట్టినా గద్దరే. తెలుగువాళ్లు ఒక మనిషికి ప్రజా యుద్ధనౌక అని బిరుదిచ్చేశాక ఆ మాటలో ఇంకో ఓడ నిలబడే జాగ మిగల్లేదు.

ఈ పీడ మానుకోటలో పెళ్లి పందిట్లో తగులుకుంది. మా బావమరిది బగారన్నంలో చెయ్యి పెట్టి, "బావా, మన నిజాం పేరు మీద ఒక యుద్ధనౌక ఉండె, ఎరుకేనా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నిజాంకు రైళ్లున్నాయి, సొంత నోట్లున్నాయి, కాగితాల మీద బరువుకు పెట్టుకునేంత వజ్రముంది. లేనిదల్లా సముద్రమే. నాలుగు దిక్కులా నేలే. "సముద్రం లేనోనికి ఓడేందిరా, బోడిగుండుకు దువ్వెన లెక్క!" అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. వాడికి రోషమొచ్చింది. పందెం పడింది. ఓడినవాడు పొట్టేలు పెట్టాలి.

పొట్టేలు ధర ఇప్పుడెంత ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే ఈ వెతుకులాట.

"నిజాం ఓడ" అని కొట్టాను. నా వేలు ఇంకా లేవకముందే మిగతాది ఫోనే పూర్తి చేసింది: "నిజాం ఓడిపోయిన రోజు". నొక్కితే 1948 సెప్టెంబరు 17న తేలాను. అక్కడ విమోచనమా, విలీనమా, సమైక్యతా దినమా అని జనం కలబడుతున్నారు. ఇన్నేళ్లలో కుదరని పేరు నేను చూసిన గంటలో మాత్రం కుదురుతుందా? బయటపడి "నైజాం" అని కొట్టాను. ఎవరో హీరో సినిమాకు మొదటి రోజు నైజాం షేర్ ఎన్ని కోట్లో వచ్చింది. నైజాం అంటే నవాబు అనుకునేవాళ్లు పోయారు, డిస్ట్రిబ్యూటర్ అనుకునేవాళ్లు మిగిలారు. ఇంగ్లిష్‌లో కొడితే నగలు, ఆసుపత్రి, కాలేజీ, బిర్యానీ. "మునిగిన ఓడలు" అని కొడితే ఏ దారిన పోయిందో గానీ మేడిగడ్డ బ్యారేజీ కుంగిన పిల్లర్ల దగ్గర తేల్చింది.

మేడిగడ్డ పేరు చూడగానే భూపాలపల్లిలో ఉండే మేనల్లుడు గుర్తొచ్చాడు. సింగరేణిలో పనిచేస్తాడు, కంప్యూటర్ తెలిసినవాడు. ఫోన్ చేశాను. "మామా, కాళేశ్వరం రా. గోదారి మీద పడవ ఎక్కిస్త. దానికంటే పెద్ద ఓడ మన జిల్లాల నీకు దొరకది" అన్నాడు. రోజూ భూమిలోకి దిగేవాడికి నీళ్లమీది సంగతి చెప్పడం నాదే తప్పు.

నాలుగో రోజు రాత్రి దొరికింది. దొరక్కపోతే బాగుండేది.

ఆస్ట్రేలియా నౌకాదళం వాళ్ల సొంత సైటులో పాత ఓడలకు ఒక్కోదానికి ఒక్కో జాతకం రాసి పెట్టారు. అందులో ఉంది: హెచ్ఎంఏఎస్ నిజాం. ఎన్ తరగతి డిస్ట్రాయర్. స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో జాన్ బ్రౌన్ కంపెనీ కట్టింది. ఖర్చుకు డబ్బిచ్చిన హైదరాబాదు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరే దానికి పెట్టారు. 1941 జనవరిలో కొలువులో చేరింది.

నా చెయ్యి పొట్టేలు మీద పడ్డట్టయింది. మా బావమరిదికి చెప్పలేదు. ఎందుకు చెబుతాను? మిగిలిన అయిదు రోజులూ ఇది అబద్ధమని రాసిన సైటు ఒక్కటైనా దొరక్కపోతుందా అని వెతికాను. యూబోట్ డాట్ నెట్ అని ఒకటుంది. జర్మన్ జలాంతర్గాములతో పాటు వాటిని వేటాడిన ఓడల చిట్టా కూడా పెట్టారు. అందులోనూ ఉంది. నేవల్ హిస్టరీ డాట్ నెట్‌లో ఉంది. ఆస్ట్రేలియా యుద్ధ స్మారక సంస్థ దగ్గర ఫొటోలే ఉన్నాయి. అన్ని సైట్లూ ఒకే మాట మీద ఉన్నాయి. మా ఇంట్లో ఇద్దరమే ఉంటాం, అలాంటి రోజు నేను చూడలేదు.

చివరికి ఒక లొసుగు దొరికింది. పేరు నిజాందే గానీ ఓడ ఇంగ్లండుది, నడిపింది ఆస్ట్రేలియావాళ్లు. కాబట్టి నిజాం ఓడ ఎట్లవుతుంది? దీన్ని తెలుగులో రాసిన మనిషి ఉంటే చూపించి పొట్టేలు తప్పించుకుందామని మళ్లీ "యుద్ధనౌక" అని కొట్టాను. గద్దర్.

ఈలోపు ఓడ కొలతలు నా బుర్రలోకి దూరాయి. పొడవు 356 అడుగుల చిల్లర. అడుగులంటే నాకు ఇంటి ప్లాటే తెలుసు. 30 అడుగుల ముఖం లెక్కన ఓడను రోడ్డు పక్కన పొడుగ్గా పెడితే పన్నెండు ప్లాట్లకు కొంచెం తక్కువొస్తుంది. పన్నెండోవాడికి వాస్తు దోషం. పోనీ, రైలుపెట్టెల్లో చూశాను. దాదాపు అయిదు పెట్టెలంత. గోదావరి ఎక్స్‌ప్రెస్ మా జనగామ మీదుగానే విశాఖ దాకా పోతుంది. దానికి అయిదు పెట్టెలు విప్పి ఓడ తగిలిస్తే మా ఊరివాళ్లకు కూడా సముద్రంతో చుట్టరికం కలిసేది. ఇంకా ఆగలేదు నేను. మా ఊరి బతుకమ్మ కుంటలో దింపితే ఎట్లుంటది? ఓడ నీళ్లలోకి దిగే లోతే పన్నెండు అడుగుల పైచిలుకు. ఎండాకాలం మా కుంటలో బాతు నిలబడితే దాని మోకాళ్లు తడవవు. సరే, వానాకాలమే అనుకుందాం. వేగం 36 నాట్లు, అంటే గంటకు 67 కిలోమీటర్లు. వరంగల్ హైవే మీద ఆర్టీసీ డ్రైవర్‌కు బుద్ధిగా నడపాలనిపించిన రోజు వేగం. ఆ వేగంతో కుంటలో ఓడ కదిలిస్తే, డ్రైవర్ బ్రేకు కోసం చూసేలోపు గట్టెక్కి బస్టాండులో ఆగుతుంది. సిబ్బంది రెండు వందల పైచిలుకు. రూలు ప్రకారం నాలుగు పల్లెవెలుగు బస్సుల జనం, మా రూట్లో అయితే రెండు బస్సులు. టేపు పట్టుకుని మా వాకిలి కొలుస్తుంటే మా ఇంటామె అడిగింది: "ఏందయ్యా, జాగ కొంటున్నవా?" ఓడ అని చెప్పాను. ఆ రోజు నుంచి చాయ్‌లో చక్కెర తగ్గింది.

ఓడ బతుకు మాత్రం కుంట బతుకు కాదు. 1941 మే నెలలో క్రీట్ దీవిలో చిక్కుకున్న సైనికులను రాత్రికి రాత్రి ఎక్కించుకొచ్చిన ఓడల్లో ఇదొకటి. ముట్టడిలో ఉన్న తోబ్రుక్‌కు సరుకులు మోసింది. 1945 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా పడమటి తీరంలో ఒక రాక్షస అల వచ్చి పదిమంది నావికులను డెక్కు మీంచి ఊడ్చుకుపోయింది. అదే ఏడాది సెప్టెంబరు 2న జపాన్ లొంగుబాటు కాగితాల మీద సంతకం చేస్తుంటే, టోక్యో అఖాతంలో లంగరు వేసుకున్న ఓడల్లో నిజాం కూడా ఉంది.

ఇవన్నీ చదువుతుంటే ఒక తేదీ దగ్గర వేలు ఆగింది. ఓడ కట్టి మొదటిసారి నీళ్లలోకి వదిలిన రోజు 1940 జూలై 4. ఈ తేదీ జనగామ ప్రాంతంలో పుట్టినవాడికి ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. సరిగ్గా ఆరేళ్లకు, 1946 జూలై 4న, ఇంకా నిజాం రాజ్యంలోనే, మా పక్కనే ఉన్న కడవెండిలో దొరకు ఎదురు తిరిగిన రైతుల ఊరేగింపు మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య పోయాడు.

అప్పుడు ఫోన్ పక్కన పెట్టాను. నిజాం ఆ ఓడకు ఇచ్చిన డబ్బు సొంత ఖజానాలోదో, సర్కారు ఖజానాలోదో నేను తేల్చబోను. రెండు గుంటలూ నిండింది రైతు కాలువతోనే. మా నాయనమ్మ లెవీ అనే మాట అనేటప్పుడు గొంతు తగ్గించేది, గడీ ఇంకా వింటున్నట్టు. ఓడ ఏ రోజు ఏ రేవులో ఉందో ఈ రోజు నాకు మంచంలో పడుకుని తెలుస్తోంది. అల కొట్టుకుపోయిన పదిమంది పేర్లు వాళ్ల దేశం రాసి దాచుకుంది. మంచి పని చేసింది. మా తాతతో వెట్టికి ఎన్ని బండ్లు తోలించారో, గడీ ముందు ఎన్ని బస్తాలు పోయించారో ఏ సైటులోనూ లేదు. మా ఇంట్లో కూడా లేదు. నాయనమ్మ ఉన్నప్పుడు నేను అడగలేదు.

ఈ మాట మేనల్లుడికి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మామా, యుద్ధనౌక అంటే గద్దర్‌ను చూపెడుతుంది గదా ఫోను. మనకు సంబంధించిన నౌక అదే అనుకుంట" అన్నాడు. బొగ్గు తవ్వేవాడికి లోతు తెలియదనుకున్నాను. వాపసు తీసుకుంటున్నాను.

పొట్టేలు నేనే పెట్టాను. లొసుగు సంగతి ఎత్తలేదు. మా బావమరిది రెండుసార్లు వడ్డించుకున్నాడు.

నిజాం ఓడను 1955లో తుక్కుకు అమ్మేశారు. కొమరయ్య స్తూపం కడవెండిలో ఉంది.