మన కుర్రాడికి తామ్రపత్రం

మొత్తానికి లండన్ నుంచి తీర్పు వచ్చేసింది. 2012 జూన్‌లో కంప్యూటర్లు పడకేసి 65 లక్షల మందికి పైగా ఖాతాదార్లను అల్లాడించిన రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్‌కి 2014 నవంబరు 20న 5 కోట్ల 60 లక్షల పౌండ్ల జరిమానా వేశారు. అప్పటి మన లెక్కలో 540 కోట్ల రూపాయల పైమాటే. కారణాల జాబితా అంతా వెతికాను, మన కుర్రాడి ఊసే లేదు. ఇది తెలుగుజాతికి జరిగిన అవమానం!

ఏ కుర్రాడంటారేమిటి? 2012లో ఇంగ్లండులో వాడి గొడవే కదా! సీఏ-7 అనే మెయిన్‌ఫ్రేమ్ షెడ్యూలర్ తెలిసినవాళ్లు కావాలంటూ హైదరాబాద్‌లో వేసిన ఉద్యోగ ప్రకటన బయటపడిందో లేదో, ఇండియాలో అనుభవం లేని కుర్రాడెవడో మీట నొక్కేశాడని కథ అల్లేశారు. ఆ వ్యవస్థను నడిపేది తమ ఎడిన్‌బరో బృందమేనని అప్పటి బ్యాంకు పెద్ద స్టీఫెన్ హెస్టర్ పార్లమెంటు కమిటీకి స్వయానా రాసినా చెవికెక్కలేదు.

సరే, వాళ్ల మాటే ఖాయం చేసుకుందాం. మైత్రీవనం పక్క సందులో కోబాల్, జేసీఎల్ నేర్చుకుని, అమీర్‌పేట హాస్టల్ సాంబారుతో పెరిగిన కుర్రాడు కుర్చీలోంచి లేవకుండా బ్రిటిష్ బ్యాంకును వారాల తరబడి మోకాళ్ల మీద నిలబెట్టాడు. అల్లూరి సీతారామరాజు అంతటివాడికే తుపాకుల కోసం పోలీసు స్టేషన్ల మీద పడాల్సివచ్చింది. వీడికి ఎంటర్ మీట సరిపోయింది. సమరయోధుల పింఛను వీడికి కాక ఇంకెవరికి? తామ్రపత్రం ఇవ్వాలి. ఆర్టీసీ పాసు ఇవ్వాలి. ట్యాంక్‌బండ్ మీద విగ్రహం లేవాలి, ఎడమ చంకలో కీబోర్డు, కుడి చూపుడువేలు లండన్ వైపు.

పేచీ రెండు తెలుగు ప్రభుత్వాల మధ్యే. కుర్రాడి తాత 1956కి ముందే ఇక్కడున్నట్టు కాగితం దొరికితే తెలంగాణ ముద్దుబిడ్డ. దొరక్కపోతే విగ్రహాన్ని రాష్ట్ర విభజన లెక్క ప్రకారం 58:42 నిష్పత్తిలో కోయాలి. తల ఎటు, మొండెం ఎటు అన్నది ఉద్యోగుల్ని పంచిన కమలనాథన్ కమిటీయే తేల్చాలి. కీబోర్డు మాత్రం పదేళ్లు ఉమ్మడి ఆస్తి.

చిక్కల్లా ఒకటే. జరిమానా నోటీసులో రాసిన కథ వేరు. జూన్ 17 ఆదివారం రాత్రిపూట పనులను వరుసలో నడిపే బ్యాచ్ షెడ్యూలర్‌కి కొత్త వెర్షన్ ఎక్కించారు. తేడా కొట్టింది. పాతదానికే పోదామని దించేశారు. దించితే ఏమవుతుందో ముందు చూసుకున్న నాథుడు లేడు. కొత్తదానికీ పాతదానికీ పొసగదని తర్వాత తెలిసింది. ఈలోగా జీతాలు ఖాతాల్లో పడలేదు, ఇళ్ల కొనుగోళ్లు ఆగిపోయాయి.

మెయిన్‌ఫ్రేమ్ మీద పనిచేసే ఎవర్నైనా అడగండి. ఆపరేటింగ్ సిస్టం ఫిక్స్‌ని అప్లై చేశాక రిస్టోర్ కొట్టి వెనక్కి రావచ్చు, యాక్సెప్ట్ కొట్టాక ఆ దారి మూతపడుతుంది. అందుకే ముందు పరీక్షలకు వేరుచేసిన టెస్ట్ ఎల్‌పార్‌లో ఎక్కిస్తారు. అక్కడే దించి కూడా చూస్తారు. కొన్నాళ్లు నడిచాక గానీ ప్రొడక్షన్ జోలికి పోరు. దీనికి విడిగా ఓ సిస్టం కావాలి, టైం కావాలి, "ఈ ఆదివారం వద్దు" అంటే వినే మేనేజరు కావాలి. అన్నీ ఖర్చే. బడ్జెట్‌కి కత్తెర పడితే మొదట తెగేవీ ఇవే.

ఇంగ్లండులో అర్ధరాత్రి బ్యాచ్ మొదలయ్యేసరికి వేసవిలో ఇక్కడ తెల్లవారుజాము నాలుగున్నర. మాదాపూర్‌లో ఎర్రబడ్డ కళ్లతో తెరకి అతుక్కుపోయిన పిల్లలుంటారు. ఏది చెడినా వేలు ముందు వాళ్ల మీదికే పోతుంది. టెస్ట్ సిస్టం అడిగితే దండగన్నవాడి మీదికి మాత్రం పోదు. వాడికి ఆ ఏడాది ఖర్చు తగ్గించినందుకు బోనసు!

జరిమానా మాటకొస్తే, అప్పట్లో ఆ బ్యాంకులో 80 శాతం వాటా బ్రిటిష్ సర్కారుదే. జరిమానా చేరిందీ ఆ సర్కారు ఖజానాకే. ఈ జేబులోంచి ఆ జేబులోకి! అందులోనూ 8 కోట్ల పౌండ్లు కట్టాల్సింది, పేచీ పెట్టకుండా ఒప్పుకున్నందుకు 30 శాతం తగ్గించారు. మన ఆషాఢం సేల్ ఏపాటి?

మరి మా పిల్లల్ని ఊరూ పేరూ తెలియకుండానే దోషుల్ని చేసి పండగ చేసుకున్న పత్రికలున్నాయే, వాటిలో ఒక్కటైనా ఆ తీర్పు వచ్చాక రెండు లైన్ల సవరణ వేసిందా?