మంచం దిగని రోమింగ్

మన దేశంలో ఫోన్ ఎత్తినందుకు డబ్బు తీసుకోరని గొప్పగా చెప్పుకుంటాం. నిజమే. 2003 మే నుంచి వచ్చే కాల్ ఉచితం. చేసినవాడిదే ఖర్చు, ఎత్తినవాడు మహారాజు. కాకపోతే ఆ మహారాజుది సూళ్లూరుపేట అయి, జబ్బు చేసి చెన్నై ఆసుపత్రిలో చేరితే మాత్రం కిరీటం రాష్ట్ర సరిహద్దులోని తడ దాటగానే తీసి పక్కన పెట్టాల్సి వచ్చేది.

సూళ్లూరుపేటలో పెద్ద జబ్బు వస్తే ఎవరూ ఆలోచిస్తూ కూర్చోరు. చెన్నై లోకల్ ఎక్కేస్తారు. ఎనభై చిల్లర కిలోమీటర్లు. సెంట్రల్‌లో దిగి రోడ్డు దాటితే ఎదురుగా జీహెచ్, అంటే సర్కారు పెద్దాసుపత్రి. 2022లో ఊరిని నెల్లూరు జిల్లాలోంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, జబ్బుల జిల్లా మారలేదు. అది అప్పుడూ చెన్నైయే, ఇప్పుడూ చెన్నైయే.

రైలు అక్కంపేట, తడ దాటి ఆరంబాకం చేరేసరికి ఫోను 'టింగ్' మనేది. తమిళనాడు స్వాగతం పలుకుతోందని మెసేజ్. వెనకాలే మీటరు. 2007లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన గరిష్ఠ ధర ప్రకారం, సొంత టెలికాం సర్కిల్ దాటి రోమింగ్‌లో ఉన్న మనిషికి వచ్చే కాల్ నిమిషానికి రూపాయి ముప్పావలా. ఊళ్లోంచి చేసిన కొడుక్కీ బిల్లే, వార్డులో ఎత్తిన తల్లికీ బిల్లే. ఒకే పలకరింపుకి రెండు టికెట్లు. మాటను ఒక సర్కిల్ నుంచి ఇంకో సర్కిల్‌కు మోయాలి కదా, ఆ మోత కూలీ అని కంపెనీల వాదన. చెన్నై కూరగాయల లారీ కూడా అదే దారిన సూళ్లూరుపేటకి వస్తుంది. దాని బాడుగ మాత్రం ఒక్కసారే కడతాం.

ఆ రోజుల్లో పరామర్శ ఇలా సాగేది.

"అమా, ఎట్టుండావు?"

"బాగానే ఉండా నాయనా. పెట్టెయ్, డబ్బులు పోతాయి."

"డాక్టరు ఏమన్నాడు?"

"ఇంటికొచ్చినాక చెప్తాలే. పెట్టెయ్ ముందు."

స్కానింగులో ఏం తేలిందో డిశ్చార్జి దాకా పరమ రహస్యం. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని వైద్యశాస్త్రం చెబుతుంది. దాన్ని ఇంత నిష్ఠగా అమలు చేసింది మాత్రం టెలికాం శాఖే.

అప్పుడు పుట్టిందే మిస్డ్ కాల్ వైద్యం. ఒక రింగు ఇస్తే బాగున్నాను. రెండు రింగులైతే ఎవరైనా ఒకరు రండి. మూడైతే డబ్బులు తీసుకుని రండి. చదువురాని అవ్వలు కూడా ఈ భాషలో పండితులయ్యారు. పక్కింటి మనిషి సాయం చేద్దామని మధ్యలో ఫోనెత్తేస్తే ఇంటిల్లిపాదికీ గుండె ఆగేది. రోగి సంగతి కాదు, బ్యాలెన్స్ సంగతి!

ఇంతకీ సూళ్లూరుపేట మామూలు ఊరు కాదు. రాకెట్లు ఎగిరే శ్రీహరికోటకు గుమ్మం. 2013 జూలైలో ట్రాయ్ దయతలచి రోమింగ్‌లో వచ్చే కాల్ ధరను 75 పైసలకు దించింది. అదే ఏడాది నవంబరు 5న శ్రీహరికోట నుంచే మంగళయాన్ ఎగిరింది. 450 కోట్లతో అంగారకుడి దాకా వెళ్లింది. కిలోమీటరుకు ఏడు రూపాయలే పడిందని, అహ్మదాబాద్‌లో ఆటో కంటే చవకని ప్రధాని 2014లో న్యూయార్క్ వెళ్లి మరీ చెప్పారు. లెక్క బాగుంది. మరి మనూళ్లో పది నిమిషాలు తల్లిని పలకరిస్తే, ఎత్తిన పాపానికి ఆమెకు ఏడున్నర. చేసినవాడి ఖర్చు వేరే. ఆ డబ్బుతో అంగారకుడి వైపు కిలోమీటరు దూరం హాయిగా పోవచ్చు. ప్రధానికి ఆటో గుర్తొచ్చింది గానీ, జీహెచ్ వార్డు గుర్తు రాలేదు.

మనవాళ్లనే అనడం అన్యాయం. ఈ విద్యలో ఇంగ్లండు మనకు గురువు. అక్కడి ప్రభుత్వం 2000లో పెద్ద ఆసుపత్రుల్లో ప్రతి మంచం పక్కనా టీవీ, ఫోనూ పెట్టిస్తామంది. ప్రైవేటు కంపెనీలు వచ్చి పెట్టాయి. వాటిలో పేషెంట్‌లైన్ అనే సంస్థ పెద్దది. రోగికి బయటి నుంచి ఫోన్ చేస్తే రద్దీ వేళల్లో నిమిషానికి 49 పెన్నీలు, మిగతా వేళల్లో 39. అప్పటి మారకంలో 49 పెన్నీలంటే మన నలభై రూపాయలకు కాస్త తక్కువ. కాల్ కలిశాక ముందుగా మంచం మీది మనిషి గొంతు వినపడదు, రికార్డు చేసిన ఉపన్యాసం వినపడుతుంది. అది వింటున్నంతసేపూ మీటరు తిరుగుతూనే ఉంటుంది. జనం గోల పెడితే అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ విచారించి 2006 జనవరిలో తేల్చిన సంగతి ఇదీ: పరికరాల ఖర్చంతా కంపెనీల నెత్తిన పెట్టింది ప్రభుత్వ విధానమే, ఆ ఖర్చు రాబట్టుకోడానికే ఈ ధరలు. అంటే సర్కారు రోగికి కానుకిచ్చింది, బిల్లు పరామర్శకుడికి పంపింది. ఆ వార్డుల్లో మన తెలుగు డాక్టర్లు ఎందరో పనిచేశారు. నాడి చూడ్డానికి మాత్రం ఎవరికీ నిమిషానికి ఇంత అని లేదు.

ఇక్కడ ఆఖరికి రోమింగ్ పోయింది. 2012 టెలికాం విధానంలోనే 'దేశమంతా ఉచిత రోమింగ్' అని రాసుకున్నారు. 2015 జూన్‌లో బీఎస్ఎన్ఎల్ వచ్చే కాల్‌కు రోమింగ్ తీసేసింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. 2017 ఏప్రిల్‌కల్లా ఎయిర్‌టెల్ కూడా తీసేసింది. ఏళ్ల తరబడి మోయలేనంత బరువున్న మాట, పోటీదారు రాగానే దూదిపింజ అయిపోయింది.

అయితే వ్యాపారికి సరిహద్దు స్థలంలోనే ఉండాలా? కాలంలో గీసుకోవచ్చు. 2018 చివర్లో వచ్చింది కొత్త గీత: 28 రోజులకోసారి కనీసం 35 రూపాయలు వేయించకపోతే కాల్స్ రావు. బ్యాలెన్స్ ఉన్నవాళ్ల కాల్స్ ఆపొద్దని ట్రాయ్ అప్పుడే మందలించింది. మందలింపు గాలికి పోయింది, గీత మిగిలింది. 2024 జూలైకి ఎయిర్‌టెల్‌లో ఆ 28 రోజుల కనీస ప్యాక్ 199 అయింది. ఏడాదికి పదమూడు సార్లు, 2,587 రూపాయలు. అందులో రెండు జీబీ డేటా కూడా ఇచ్చారు. బటన్ల ఫోను పట్టుకుని డయాలసిస్ మంచం మీద పడుకున్న పెద్దాయన దాంతో ఏం చూడాలో కంపెనీ చెప్పలేదు. మనూరి చెంగాళమ్మ గుడికి తలుపులు వేయరు. అర్ధరాత్రి వెళ్లినా అమ్మ పలుకుతుంది, వ్యాలిడిటీ అడగదు. వచ్చే కాల్ ఉచితమని చెప్పేవాళ్లు ఆ గుడి ఒకసారి చూసి రావాలి.

డేటా వద్దు మొర్రో అనేవాళ్ల కోసం మాటలకే ప్యాకులు పెట్టమని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. 2025 జనవరిలో పెట్టారు. ఎయిర్‌టెల్‌ది 365 రోజులకు 1,849. జియోది 1,748 రూపాయలకు 336 రోజులు. పన్నెండు ఇరవై ఎనిమిదులు 336 కదా, జియో పంచాంగంలో ఏడాదంటే అంతే. మిగిలిన 29 రోజులూ రోగిని మాట్లాడించకుండా పూర్తి విశ్రాంతి ఇవ్వాలని డాక్టర్లు రాసిచ్చి ఉంటారు.