బలపము పట్టిన పట్టభద్రులు

మా మనుమరాలు పట్టభద్రురాలైనది. వయస్సు అయిదేండ్ల తొమ్మిది మాసములు. ఒకటి మొదలు నూరు వరకు అంకెలను, నడుమ నలువదియేడును మాత్రము మఱచి, తడబాటు లేక చెప్పగలదు. ఇంగ్లీషు అక్షరములు ఇరువదియాఱును పాటగా పాడగలదు గాని, పాటను నడుమ ఆపి ఇది యే అక్షరమని యడిగినచో మరల మొదటినుండి యెత్తుకొనును. తెలుగు అక్షరములు పై తరగతిలో వచ్చునని పాఠశాలవారు సెలవిచ్చియున్నారు. ఇట్టి విద్యాసంపత్తితో ఆ బిడ్డ గడచిన చైత్రమున, నల్లగొండ పట్టణమున, గడియారపు స్తంభమునకు అనతిదూరముననున్న ఒక పెండ్లిమంటపమున, మడమలు దాటి నేలపై జీరాడు నల్లని గౌనును, చెవులపైకి జారు నలుచదరపు టోపీని ధరించి, చుట్టచుట్టి యెఱ్ఱని రిబ్బను కట్టిన ఒక కాగితమును ముఖ్య అతిథి హస్తమునుండి అందుకొన్నది. ఇంటికి వచ్చిన పిదప ఆ చుట్టను విప్పి చూచితిమి. లోపల ఏమియు లేదు. అసలు పత్రమును బకాయి రుసుము చెల్లించినవారికి కార్యాలయమున ఇత్తురట.

ఈ మహోత్సవవార్త పదిదినములకు ముందే మా కోడలి చరవాణికి వాట్సాప్‌ సందేశముగా చేరినది. గౌనునకు అద్దె యింత, ఫొటోకు ఇంత, చట్రము కట్టించినచో మఱికొంత, తల్లిదండ్రులు తెల్లని వస్త్రములు ధరించి వచ్చుట శోభస్కరము, అని. కోడలు దానిని పైకి చదువుచుండగా చిక్కుడుకాయలు త్రుంచుచున్న నా భార్య తలయెత్తి, "గ్రాడ్యుయేషన్‌ అంటె ఏందయ్యా?" అని నన్నడిగినది. ఉపాధ్యాయవృత్తిలో ముప్పదియేండ్లు గడపినవాడను గావున, పాండిత్యమును ప్రదర్శించుకొను అవకాశమును విడువలేక, "స్నాతకోత్సవము" అంటిని. ఆమె చేతిలోని చిక్కుడుకాయ జారిపడినది. "స్నాతకమా? అయితె పోరి కాశికి పోవద్దా? గొడుగేది? పాంకోళ్లేవి? బెల్లంముక్క చేతుల పెట్టి మళ్లించుక వచ్చే బామ్మర్ది యాడున్నడు?"

ఆమె పరిహాసమునకే అన్నదో, నిజముగనే అన్నదో నాకు నేటికిని తెలియదు. కాని ఆ ప్రశ్నకు ఉత్తరమును ఆ పాఠశాల సంచాలకులలో ఎవ్వరును ఈయజాలరని మాత్రము తెలియును. గురుకులమున వేదాధ్యయనమును ముగించి, గురువునకు దక్షిణ సమర్పించి, వ్రతసమాప్తిసూచకముగ స్నానమాచరించినవాడు స్నాతకుడు. ఆ స్నానముతో బ్రహ్మచర్యము ముగియును, గృహస్థాశ్రమము ఎదురుచూచుచుండును. కావుననే మన పెండ్లిండ్లలో స్నాతకము వెంట కాశీయాత్ర, కాశీయాత్ర వెంట కన్యాదానము వచ్చుచున్నవి. తైత్తిరీయోపనిషత్తునందలి శిక్షావల్లిలో, వెడలిపోవు శిష్యునకు ఆచార్యుడు చేయు అనుశాసనమొకటి కలదు. లోకమున స్నాతకోపన్యాసములకెల్ల పితామహుడు అదియే. ఇక అయిదవయేట చేయవలసినదిగా మన పెద్దలు నిర్ణయించినదో, అక్షరాభ్యాసము. పళ్లెములో బియ్యము పోసి, బిడ్డ వ్రేలు పట్టి, ఓనమాలు దిద్దించుట. వీలున్నవారు బాసర జ్ఞానసరస్వతి సన్నిధికి పోవుదురు, లేనివారు ఇంటి దేవుని యెదుటనే కానిత్తురు. ఇరుగుపొరుగు పిల్లలకు పలకలు, బలపములు పంచిపెట్టుదురు. పూర్వులు ఏ వయస్సున ద్వారమును తెఱచిరో, సరిగా ఆ వయస్సుననే మనము దానిని మూసి, తాళము వేసి, తాళపుచెవికి ఎఱ్ఱరిబ్బను కట్టి, దానితో ఫొటో దిగుచున్నాము.

మంటపములో జరిగిన అనుశాసనమును గూడ విన్నవించెదను. ముఖ్య అతిథి స్థిరాస్తి వ్యాపారమున గడించిన పెద్దమనిషి. పదిగంటలకు రావలసినవారు పండ్రెండున్నరకు విచ్చేసిరి. చైత్రపుటెండకు కాగిన రేకులకప్పు క్రింద, పాలిస్టరు గౌనులలో, అఱువదిమంది పట్టభద్రులు రెండున్నర గంటలసేపు ఉడికిరి. ఒకడు టోపీని విసనకఱ్ఱగా మార్చుకొనెను. ఒకతె టోపీకి వ్రేలాడు కుచ్చును నోటబెట్టి నమలుచుండెను. ముందువరుసలోని వాడొకడు మూత్రవిసర్జనకై లేచి, గౌను కాలికి చుట్టుకొని బోర్లపడి, లేవనెత్తిన పంతులమ్మకు ఆ పని అప్పటికే ముగిసినదని కన్నీటితో తెలియజేసెను. అతిథి గంభీరకంఠమున, "మీరు ఇప్పుడు జీవితమనే మహాసముద్రములో అడుగిడుచున్నారు, కలెక్టర్లు కండు, ఎస్పీలు కండు" అని ఉద్బోధించెను. ఆ మహాసముద్రములో అడుగిడువారిలో ఇరువురు నిద్రించుచుండిరి. సభాంతమున అందఱును ఒక్కసారి టోపీలను గాలిలోకి ఎగురవేయవలెనని ఫొటోగ్రాఫరు శాసించెను. ఎగురవేసినవి క్రిందపడగా ఎవరి టోపీ ఎవరిదో తెలియక పుట్టిన సంగ్రామమును ఆయన చిత్రింపలేదు.

ఈ గౌనుల పుట్టుపూర్వోత్తరములను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. మధ్యయుగమున ఐరోపా విశ్వవిద్యాలయములందు చదువుకొన్నవారు అధికసంఖ్యాకులు క్రైస్తవ మతాచార్యశ్రేణికి చెందినవారు. చలికి గడ్డకట్టు రాతికట్టడములలో వారు ధరించిన పొడుగుటంగీయే ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిలలో నిలిచి, 1857లో స్థాపితములైన కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములతో మన గడపలో కాలిడినది. పెద్దవారికే ఇది యెబ్బెట్టుగ నున్నదని 2010లో భోపాలునందు జరిగిన ఒక స్నాతకోత్సవమున కేంద్రమంత్రి జైరాం రమేశ్ వేదికమీదనే ఆ యంగీని విప్పివేసి, ఇది వలసపాలకులు వదలిపోయిన అనాగరికపుటవశేషమని యాక్షేపించిరి. విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారు సైతము స్నాతకోత్సవములలో చేనేతవస్త్రములు వాడుడని 2019లో విశ్వవిద్యాలయములకు సూచించిరి. మఱి మన మాటయేమి? నిన్నమొన్నటి ఉమ్మడి నల్లగొండలో పోచంపల్లి, పుట్టపాక. ఉమ్మడి పాలమూరులో గద్వాల, నారాయణపేట. పట్టుదారమునకు అచ్చుకట్టి రంగులద్దు చేతులు ఒకవంక, జరీయంచులు నేయు చేతులు మఱొకవంక. దేశదేశముల స్త్రీలు కోరికోరి కట్టుకొను చీరెలు పుట్టు ఈ రెండు జిల్లాల నడుమ పుట్టిన పసిబిడ్డకు జీవితమున తొలి మహోత్సవవస్త్రముగ లభించినది, ఎవరో కుట్టగా ఎవరెవరో తొడిగి విడిచిన, చంకలలో పిగిలిన, నల్లని పాలిస్టరు సంచి!

పట్టభద్రుడను పదము నిన్నటివరకు ఈ గడ్డమీద ఎంత బరువైనదో ఎఱిగినవారు ఇంకను కొందఱు బ్రతికియున్నారు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము 2007లో, మహబూబ్‌నగరున పాలమూరు విశ్వవిద్యాలయము 2008లో వచ్చినవి. అంతకుముందు మా జిల్లాలవారికి పట్టమన్న 1918లో నెలకొన్న ఉస్మానియాయే దిక్కు. నిజాం కాలమున ఖాంగీ బడి, అనగా ప్రైవేటు బడి, పెట్టవలెనన్న సర్కారు అనుమతి కావలసియుండెను. ఆ నిజాం కాలముననే, 1922లో, షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు ఈ నల్లగొండనుండియే నీలగిరి పత్రికను వెలువరించిరి. దానిని కూడబలుకుకొని చదువగలిగినవానిని ఊరివారు విద్వాంసునిగ చూచిరి, వానికి టోపీ ఎవ్వరును పెట్టలేదు. నేడు పెట్టుచున్నారు, ఆ మాటకు గల రెండర్థములలోను.

పట్టములు ఇంత సులభములైనపుడు తత్సంబంధమైన హక్కులను మాత్రమేల విడువవలెను? రాజ్యాంగము 171వ అధికరణమున శాసనమండలికి పట్టభద్రుల నియోజకవర్గములను కల్పించినది. పట్టము పొంది మూడేండ్లు నిండినవారు అందు ఓటరులు. వరంగల్–ఖమ్మం–నల్లగొండ యొకటి, మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాదు మఱొకటి. వయోనిబంధన యొక్కటి అడ్డురాకున్నచో మా మనుమరాలు మూడవ తరగతి ముగించునాటికి ఓటునకు అర్హురాలగును. నవ్వకుడు. 2021 నాటి యెన్నికలలో మొదటిదానియందు 71 మందియు, రెండవదానియందు 93 మందియు పోటీచేయగా, బ్యాలెటు కాగితము వార్తాపత్రికవలె పఱపవలసివచ్చినది. ఆ కాగితముమీద పట్టభద్రుడు చేయవలసిన మహత్కార్యమేమన, తనకు నచ్చినవాని పేరునకెదురుగ ఒకటి యను అంకెను వేయుట. అంతియే. ఒక్కొక్క నియోజకవర్గమున 20 వేలకు పైగా ఓట్లు చెల్లకుండ పోయినవి. మా మనుమరాలు ఒకటియంకెను కాపీపుస్తకములో పుటలకొలది నిలువుగ, నిట్టనిలువుగ, గీత దాటకుండ వ్రాయును. ఆమెకు ఓటిచ్చినచో ప్రజాస్వామ్యమునకు లాభమే గాని నష్టము లేదు.

పిల్లలకు ఇది ప్రోత్సాహమట. నా కుమారుడు ఇదే మాట చెప్పినాడు: "ఊకో నాయినా, ఏదో పిల్లల ముచ్చట." బిడ్డ ముచ్చటను గూర్చి నాకు పేచీ లేదు. ఆమెకు పాతపత్రికతో పడవటోపీ మడిచి పెట్టినను అంతే సంతోషము, కాగితపు పులితోక కట్టినచో ఇంకను ఎక్కువ. ఆ సంతోషమునకు ధర లేదు. ధర చెల్లించుచున్నది మన ముచ్చటకు. ఆహ్వానపత్రికలో దీనిని బిడ్డ జీవితమున "తొలి మైలురాయి" యనిరి. విజయవాడ రహదారిమీద చౌటుప్పలునుండి నార్కట్‌పల్లికి పోవునపుడు మైలురాళ్లను చూచినవారికి తెలియును, అవి ఇంకను ఎంతదూరము పోవలెనో చెప్పునే గాని, ఇంతదూరము వచ్చితివి, రమ్ము, మెడలో దండవేసెదనని ఏ రాయియు అనదు, దండకు పైకము అసలే యడుగదు.

పూర్వము తెలుగునాట వీధిబడుల అయ్యవార్లు దసరాకు పిల్లలచేతికి పూలబాణములిచ్చి, ఇంటింటికి త్రిప్పి, పద్యములు పాడించి, తమకు మామూళ్లును, పిల్లలకు పప్పుబెల్లములును రాబట్టుకొనెడివారు. పిల్లలను ముందుంచుకొని పెద్దలవద్ద పైకము తీయు విద్య మనకు క్రొత్త గాదు. కాని ఆ అయ్యవారికి జీతము చాలదని ఊరందఱకు తెలియును, ఆయనయు దాచుకొనలేదు, పద్యములోనే అడిగెను. అందు కపటము లేదు, పైగా బిడ్డల నోటికి నాలుగు పద్యములు వచ్చెను, పప్పుబెల్లములును వచ్చెను. ఇప్పటి ఉత్సవములో బిడ్డకు దక్కినది ఒక చిప్సుపొట్లము. సురవరం ప్రతాపరెడ్డిగారు, పాలమూరు జిల్లా ఇటికాలపాడువారు, ఆంధ్రుల సాంఘిక చరిత్రలో మన ఆటపాటలను, వేషభాషలను, పండుగలను శ్రద్ధగా ఎక్కించిపోయిరి; వారే ఉండినచో ఈ వేషమునకు ఏ ప్రకరణమున చోటిత్తురో, పండుగలలోనో, వ్యాపారములలోనో, చూడవలెనని నాకు వేడుక.

శాస్త్రమైనను దీనికి తోడురాదు. 1837లో జర్మనీలో ఈ బాలోద్యానవిద్యకు అంకురార్పణ చేసిన ఫ్రోబెలు, బంతులను, కొయ్యదిమ్మెలను పిల్లల చేతికిచ్చి ఆడుకొనుడనెను; ఆయన పెట్టిన కిండర్‌గార్టెన్‌ అను పేరునకు పిల్లలతోట యని యర్థము. మొలకయెత్తిన మఱునాడే మొక్కకు పట్టమిచ్చు తోటమాలి ఆయన ఊహలోనికి రాలేదు. మన 2020 జాతీయ విద్యావిధానమును చూతమా, మూడేండ్లనుండి ఎనిమిదేండ్లవరకు, అనగా బడికి ముందటి మూడేండ్లును, ఒకటి రెండు తరగతులును కలిపి, ఒకే పునాదిదశ యనుచున్నది. పునాదిలో మూడువరుసల రాళ్లు పడగానే గృహప్రవేశము చేసి, పాలు పొంగించి, మేస్త్రికి పంచెలు పెట్టిన పుణ్యాత్ములము మనము. ఆఱేండ్ల బిడ్డ ఒకటవ తరగతిలో చేరుటకు 2009 నాటి విద్యాహక్కు చట్టము ఏ పట్టమును కోరదు. చేర్చుకొనుటకు పరీక్షపెట్టిన బడికే అది జరిమానా విధించును. మఱి ఆ రిబ్బను చుట్ట యెవరికి చూపుటకు? పై తరగతికి రుసుము పెంచినట్లు తెలుపు కాగితము మంటపపు ద్వారమువద్దనే పంచిరని చెప్పినచో, బుద్ధిమంతులకు వేఱు జవాబు అక్కఱలేదు. చప్పట్లు కొట్టు చేతులతో ఆ కాగితమును చింపుట కష్టము.

మా వీధిచివర అంగన్వాడీ యున్నది. అక్కడను అయిదారేండ్లవారు పదునలుగురు, ఈయేడే పెద్దబడికి పోవువారు. వారిలో ముగ్గురి తల్లిదండ్రులు పాలమూరునుండి మట్టిపనికి వలసవచ్చినవారు; వారి పిల్లలు ఏడాదిలో రెండూళ్లు మారి, ఎక్కడ దించిన అక్కడ పలక తీసి కూర్చుండినవారు. వేసవికి ముందటి తుదిదినమున టీచరమ్మ వారికి ఉడికించిన గ్రుడ్డు పెట్టి, తల దువ్వి, "జూన్ల పెద్దబడికి పోవాలె, మర్వొద్దు" అని పంపినది. ఆ వాక్యమును నేను గేటువద్ద నిలిచి వింటిని. ముఖ్య అతిథి ముప్పావుగంటసేపు చేసిన ఉపన్యాసములో ఇంతటి ఉపయోగకరమైన మాట యొక్కటియు లేదు.

గౌనును మఱునాడు పదిగంటలలోపల తిరిగి యిచ్చివేసితిమి. టోపీకి కుచ్చు లేదని 50 రూపాయలు పట్టుకొనిరి. ఆ కుచ్చు ఇంటనే యున్నది. మా పట్టభద్రురాలు దానిని తన గుడ్డబొమ్మకు జడకుచ్చుగా కట్టుకొన్నది.